ఎనభై మూడో పేజీ

కథ ఎక్కడ ఆగిందో ముందు చెప్పుకోవాలి. పోయినవారం మన సిరా మేడం చేసిన పని ఆషామాషీది కాదు. పది పన్నెండేళ్ల కిందట ఒక ప్రభుత్వ బాలికల హాస్టల్లో వార్డెను అఘాయిత్యాలకు బలైన పదకొండు మంది ఆడపిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై కోర్టుకెక్కారు. ఎనిమిదేళ్ల కిందట ముగ్గురు పిల్లలు ఫిర్యాదు రాసిచ్చేదాకా తమకేమీ తెలియదని శాఖవారు కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. అది నిజమో కాదో తేల్చడానికి, పిల్లల తరఫు లాయరమ్మ విచారణ ఫైలు మొత్తం నకలు కావాలని సమాచార చట్టం కింద అర్జీ పెట్టింది. అలాంటి ఫైళ్లు బయటికి వెళ్లే ముందు బాధితుల పేర్ల మీద నల్లసిరా పూసే గుమస్తాలు రికార్డు గదిలో ఇద్దరున్నారు. ఈ ఫైలు రెండో గుమస్తా వాటాకు వచ్చింది. "మీకు చాలా పనుంది, ఇటివ్వండి నేను చూస్తాను" అని దాన్ని తన బల్ల మీదికి లాక్కుంది సిరా మేడం. ఆ పదకొండు మందిలో ఏడో నంబరు తన సొంత చెల్లెలు. ఆ మాట ఆఫీసులో చెప్పి తీరాలని రూలుంది. ఆమె చెప్పలేదు.

ఎందుకు లాక్కుందంటారా? కుళ్లు. ఇంతకంటే మర్యాదైన మాట కోసం వెతకడం దండగ.

తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆమె. తొమ్మిదేళ్ల తేడా. జడలు వేసింది, జ్వరాలకు మేలుకుంది, పెళ్లి మాట ఎత్తినవాళ్లను చెల్లెలి చదువయ్యేదాకా ఆగమంది. అంతలా కంటికి రెప్పలా చూసుకున్న పిల్ల, హాస్టల్లో చేరిన ఏడాది నుంచీ ముడుచుకుపోయింది. ఎవరైనా చెయ్యి తగిలిస్తే ఉలిక్కిపడేది. అక్క తల దువ్వుతానన్నా ఒప్పుకునేది కాదు. పోనీలే, పెద్దదవుతోంది, సిగ్గు, అనుకుని ఊరుకుంది ఆమె. అలా పన్నెండేళ్లు ఊరుకుంది.

ఎనిమిది నెలల కిందట ఈ లాయరమ్మ వచ్చింది. వచ్చిన నెలకే చెల్లెలి నోట "లాయరక్క" అయింది. లాయరక్క ఇలా అంది, లాయరక్క ఆ పుస్తకం చదవమంది, లాయరక్కకి కూడా నాలాగే లిఫ్టంటే భయమట. వింటుంటే సిరా మేడానికి అరికాలి మంట నెత్తికెక్కేది. పైకి మాత్రం "మంచావిడే" అనేది. మొన్న వాయిదా రోజున చెప్పకుండా కోర్టుకు వెళ్లి దూరం నుంచి చూసింది. వరండాలో బెంచీ మీద చెల్లెలు లాయరమ్మ భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. లాయరమ్మ ఆ పిల్ల తల నిమురుతోంది. పిల్ల ఉలిక్కిపడలేదు. సిరా మేడం ఆ రోజు ఇంటికి నడిచే వచ్చింది, బస్సెక్కిన గుర్తు లేదు, దిగిన గుర్తు లేదు. పన్నెండేళ్లుగా తనకు దక్కనిది ఎనిమిది నెలల మనిషికి ఎలా దక్కిందన్న ఒక్క మాటే దారి పొడుగునా ఆమెను తొలిచేసింది.

అందుకే ఫైలు చేతికి రాగానే పద్ధతి కూడా మరిచిపోయింది. పద్ధతి ప్రకారం ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టి వరసగా పోవాలి. అసలు కాగితానికి తీసిన రంగు నకలు మీద పేరు కనబడిన చోటల్లా సిరా పూయాలి, ఆరాక దానికి మళ్లీ నకలు తీయాలి, తీసిన నకలును కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూడాలి. పూసిన ప్రతి మరకకూ పట్టికలో కారణం రాయాలి. ఈ పనిలో ఆమె అంత గట్టి మనిషి లేదని పేరు, అసలు సిరా మేడం అన్న పిలుపు వచ్చిందే అందువల్ల. అలాంటి మనిషి తిన్నగా రెండు వందల పదకొండో పేజీ తెరిచింది. కేసు పడ్డాక శాఖవారు మళ్లీ తెరిచిన విచారణలో, లాయరమ్మ పక్కన కూర్చుని ఉండగా ఏడో నంబరు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం అక్కడ మొదలవుతుంది. పద్నాలుగు పేజీలు. మూడుసార్లు చదివింది. మొదటిసారి చెల్లెలి కోసం ఏడ్చింది. రెండోసారి వార్డెనును పళ్లు కొరుకుతూ తిట్టుకుంది. మూడోసారి, చెప్పుకోవడానికి బాగుండదు గానీ, తన గురించి ఏమైనా ఉందేమోనని వెతికింది. ఒక్కచోట ఉంది. "అప్పట్లో ఇంట్లో ఎవరికైనా చెప్పావా?" అని అడిగారు. "లేదు, ఎవరికీ చెప్పలేదు" అని జవాబు.

చూశావా, నాకు చెప్పలేదు, దానికి చెప్పింది, అని ఆ వాక్యాన్ని పట్టుకుని వారం రోజులు ఉడికిపోయింది సిరా మేడం.

అర్జీకి ముప్పయ్యో రోజు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి నకళ్లు ఇచ్చి తీరాలి. ఉడుక్కోవడంలో పోగొట్టుకున్న రోజులన్నీ ఇప్పుడు పూడ్చుకోవాలి కనుక, ఆమె ఆ పొద్దున తొమ్మిదింటికే వచ్చి మొదటి పేజీ నుంచి సిరా పూసుకుంటూ పోయింది. పాత కాగితాలు, పాత నోట్లు, హాస్టల్ తనిఖీ నివేదికలు. పన్నెండు దాటాక ఎనభై మూడో పేజీ తిప్పింది. నీలం సిరాతో చేత్తో రాసిన ఉత్తరం. ఆ చేతిరాత ఎవరిదో చూడగానే తెలిసింది, తెలియకేం, ఆమెదే.

"విషయం: బాలికల వసతి గృహం వార్డెను గారు పుస్తకములు దిద్దు నెపమున బాలికలను తన గదికి పిలిపించుకొని చేతులు వేయుచున్నారని మా చెల్లెలు చేయుచున్న నిరాధార ఆరోపణ గురించి" అని పైన ఉంది. చదువు మీద శ్రద్ధ లేక, ఇంటికి వచ్చేయాలన్న కోరికతో పిల్ల ఇట్లు కల్పించి చెప్పుచున్నదని, దానిని తాము నమ్మవలదని, వార్డెను గారు ఆమె పట్ల మరింత కఠినముగా వ్యవహరించునట్లు ఆదేశించవలసినదని కింద ప్రార్థన. అడుగున తన పేరు, సంతకం, "నకలు: వార్డెను గారికి" అన్న ముక్క.

అప్పుడామెకు ఇరవై రెండేళ్లు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఉత్తరానికి విషయం ఎలా రాయాలో, ఎవరి ద్వారా ఎవరికి పంపాలో, నకలు ఎవరికి పెట్టాలో కొత్తగా నేర్చుకుంది. ఆ నేర్చుకున్న ముచ్చట ఇంకా తీరలేదు. సెలవులకు వచ్చిన పిల్ల బట్టలు సర్దుతుండగా వెనక నిలబడి, ఆ సారు మంచోడు కాదక్కా, నేనక్కడికి వెళ్లను అంటే, పెడచెవిన పెట్టి మర్నాడే బస్సెక్కించింది. తిరిగొచ్చి, వార్డెనుకు చెడ్డపేరు రాకూడదనీ పిల్ల దారిలో పడాలనీ పద్ధతిగా హాస్టళ్ల శాఖ పెద్దాఫీసుకే ఉత్తరం రాసింది. తరవాత దాన్ని మరిచిపోయింది. మరిచిపోయాననుకోవడం ఆమెకు సుఖంగా ఉండింది.

పెద్దాఫీసు మరిచిపోలేదు. ఉత్తరం నెత్తిన తేదీతో, వరస నంబరుతో, అందినట్టు ఊదారంగు ముద్ర. మార్జిన్లో అధికారి ఎర్రసిరా రాత: "కుటుంబ సభ్యురాలే నమ్మలేదు. చర్య అనవసరం. మూసివేయవచ్చు."

సిరా మేడం సిరా బుడ్డికి మూత పెట్టింది. ఎవరికీ చెప్పలేదని చెల్లెలు ఇచ్చిన వాంగ్మూలం అబద్ధం. ఎనిమిదేళ్ల కిందటి దాకా మాకు తెలియదని శాఖవారు చేసిన ప్రమాణం అంతకంటే పెద్ద అబద్ధం. ఆ రెండు అబద్ధాలనూ బయటపెట్టే కాగితం ఫైలు మొత్తంలో ఒక్కటే ఉంది, దాన్ని రాసింది తను.

రికార్డు గది సూపరింటెండెంటు రెండింటికి వచ్చాడు. పదవీ విరమణకు ఏడాదిన్నర ఉన్న మనిషి. ఎవరికీ చెడు తలపెట్టడు, ఎవరికీ అడ్డూ పడడు. పేజీ చూశాడు, సంతకం చూశాడు, ఆమె మొహం చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. ఉత్తరంలో బంధువు వివరాలున్నాయి కనుక పిల్ల ఎవరో తెలిసిపోయే ప్రమాదముందనీ, ఆ కారణం కింద పేరు ఒక్కటే కాదు, పేజీ మొత్తం ఆపేయడానికి చట్టంలో వీలుందనీ చెప్పాడు. రూలు మీరినట్టు కాదట, రూలును కాస్త వెడల్పు చేసినట్టట. ఇవ్వదలుచుకుంటే మాత్రం తను సంతకం పెడతానన్నాడు. అయితే ఏడో నంబరు ఆమె చెల్లెలన్న సంగతీ, దాన్ని దాచి ఫైలు పట్టుకున్న సంగతీ పైకి రాయక తప్పదన్నాడు.

"ఆపేస్తే మీకూ మంచిదమ్మా, పైవాళ్లకూ మంచిది," అన్నాడు లేస్తూ. "ఇద్దరికీ ఒకేసారి మంచి జరగడం మన ఆఫీసులో అరుదు."

నకలు మీద సంతకం పెట్టాడు. పట్టికలో ఆ పేజీకి ఎదురుగా కారణం రాసే గడి ఖాళీగా వదిలాడు. ఇచ్చేటట్టయితే సంతకం ఉంది, ఆపేటట్టయితే ఆ గడిలో కారణం రాసుకోవచ్చు, నాలుగింటిలోగా ఏదో ఒకటి చూసుకోమని వెళ్లిపోయాడు.

ఉద్యోగం పోతుందని ఆమె భయపడిందంటే నమ్మకండి. సిగ్గు కూడా కొంతవరకు ఓర్చుకోగలిగేదే. ఆ ఉత్తరం లాయరమ్మ చదువుతుందన్నదే ఆమె ఓర్చుకోలేని విషయం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో ముక్కా చదువుతుంది. చదివి, పాపం అన్నట్టు చూస్తుంది. ఆ కాగితంతో కేసు గెలుస్తుంది. ఇక చెల్లెలికి ఆవిడ దేవత, తను వార్డెనుకు సిఫార్సు ఉత్తరం రాసిన మనిషి. మూడున్నరకు ఎనభై మూడో పేజీ నకలును విడిగా ఒక కవరులో పెట్టి, మిగతా కట్టకు దారం బిగించి, కౌంటరు దగ్గరికి వెళ్లింది.

కౌంటరు ముందు బెంచీ మీద చెల్లెలు ఒక్కతే ఉంది. లాయరమ్మ రసీదు మీద ముద్ర కోసం కింది అంతస్తుకు వెళ్లిందట. ఇన్నాళ్లూ ఈ ఫైలు చూస్తున్నది అక్కేనని పిల్లకు తెలియదు. కట్టను చూసింది, అక్క వేళ్లకున్న నల్లమరకలు చూసింది, సంగతి అర్థమైంది.

"నాది చదివావా?"

"చదివాను. మూడుసార్లు."

"అడిగితే నేనే చెప్పేదాన్ని కదక్కా. ఎప్పుడైనా అడిగావా?"

సిరా మేడం బెంచీ చివర కూర్చుంది. ఎవరికీ చెప్పలేదని ఎందుకు రాయించావని అడిగింది. నాకు చెప్పావు కదా అంది. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం పన్నెండేళ్లలో అదే మొదటిసారి.

"గుర్తొచ్చిందా?" అంది చెల్లెలు.

"ఉత్తరం దొరికింది."

చెల్లెలు ఆశ్చర్యపోలేదు. గోడ మీది గడియారం వైపు చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "నీలం సిరాతో రాశావు. ఆయనకి నకలు పంపావు కదా, నన్ను ఎదురుగా నిలబెట్టి నాచేతే చదివించాడు. తప్పొస్తే మళ్లీ మొదటి నుంచి. నాలుగోసారికి తప్పుల్లేకుండా వచ్చింది. అప్పుడు తలుపేశాడు."

కౌంటరు లోపల ఎవరో కాగితాలకు రంధ్రాలు పొడుస్తున్నారు. సిరా మేడానికి చెల్లెలి కాళ్ల మీద పడాలనిపించింది, గోడకు తల బాదుకోవాలనిపించింది. చివరికి ఆమె నోట వచ్చిన మాటేమిటో చూడండి. ఇంత విన్నాక కూడా, "ఇది ఆ లాయరమ్మకు తెలుసా?" అని అడిగింది.

"తెలియదు," అంది చెల్లెలు. "అన్నీ చెప్పాను. ఇదొక్కటీ చెప్పలేదు. నిన్ను ఆవిడ ఒక్క మాటన్నా నేను వినలేను. ఇంట్లో చెప్పావా అని అడిగితే లేదన్నాను. దాని మీద సంతకం పెట్టాను." గడియారం మీంచి చూపు దించి, "నల్లసిరా పూసెయ్యక్కా. పేజీ అంతా పూసెయ్. ఇంక మనిద్దరికే తెలుస్తుంది," అంది. అని, బెంచీ మీద చెయ్యి జరిపి అక్క చేతి మీద పెట్టింది.

సిగ్గుచేటు గానీ ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ క్షణంలో సిరా మేడానికి కలిగింది సంతోషం. లాయరమ్మకు చెప్పనిది ఒకటుంది. లాయరమ్మకు తెలియనిది తనకూ చెల్లెలికీ మధ్య ఒకటుంది. ఎనిమిది నెలలుగా ఆమె కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూసింది సరిగ్గా దీనికోసమే. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, వణకడం లేదు. అది తీసేస్తుందేమోనన్న భయంతో ఆమె ఊపిరి కూడా మెల్లగా పీల్చుకుంది.

లాయరమ్మ మెట్లెక్కి వచ్చింది. మీరిక్కడ పనిచేస్తారా అని ఆశ్చర్యపోయింది, నమస్కారం పెట్టింది, కట్టను బెంచీ మీద విప్పి, ఎదురుగా నిలబడే లెక్కపెట్టుకోవడం మొదలెట్టింది. ముందు పేజీలోనే పదకొండు మంది పట్టిక ఉంది. పేర్ల మీద సిరా, పక్కన నంబర్లు, వయసు, హాస్టల్లో చేరిన తేదీలు. ఆ పట్టికను సిరా మేడం తన చేతులతోనే నల్లగా చేసింది, తేదీలు మాత్రం చదవలేదు. ఇప్పుడు తలకిందులుగా చదివింది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు నంబర్ల పిల్లలు ఆమె ఉత్తరం పెద్దాఫీసుకు అందిన తరవాత చేరినవాళ్లు. పదకొండో నంబరు ఏడాదిన్నర తరవాత చేరింది. చేరేనాటికి దాని వయసు తొమ్మిది.

"ఎనభై రెండు, ఎనభై నాలుగు," అని లాయరమ్మ ఆగింది. వెనక్కి తిప్పి చూసింది. "ఎనభై మూడో పేజీ ఏదండీ? పట్టికలో కారణం కూడా రాయలేదు."

చెల్లెలి వేళ్లు అక్క వేళ్ల మీద బిగుసుకున్నాయి. సిరా మేడం ఆ చేతిని ఒకసారి చూసుకుంది. మెల్లగా విడిపించుకుంది. లేచి, కవరులోంచి కాగితం తీసి కౌంటరు మీద పెట్టింది.

"వద్దక్కా," అంది చెల్లెలు.

"రాసింది నేను," అంది సిరా మేడం లాయరమ్మతో. "ఏడో నంబరు నాకు చెప్పింది. నేను నమ్మలేదు. పెద్దాఫీసుకు అప్పుడే తెలుసు. ముద్ర చూడండి."

లాయరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. ఒక్కో ముక్కా చదివింది, ఎర్రసిరా రాతను రెండోసారి చదివింది. సిరా మేడం ఆ పాపం అన్న చూపు కోసం ఒళ్లు బిగబట్టుకుని నిలబడింది. లాయరమ్మ అలా చూడలేదు. కాగితాన్ని మడవకుండా కౌంటరు మీదే ఉంచి, దాని మీద అరచెయ్యి పెట్టింది.

"పేరు కనబడకుండా చేసినా అసలు కాగితం అవతలివాళ్ల దగ్గరుంటుంది," అంది. "నేను దీన్ని కోర్టులో పెట్టిన మరుక్షణం, మీ చెల్లెలు ప్రమాణం చేసి అబద్ధమాడిందంటారు. మిగతా పదిమంది మాటా నమ్మొద్దంటారు. దానికి ఒక్కటే మందు. మీరు బోనెక్కి, ఎందుకాడిందో మీ నోటితో చెప్పాలి. ఈ ఉత్తరం అందరి ముందూ పైకి చదవాలి. వార్డెను ఎదురుగా కూర్చుని ఉంటాడు. రేపు పొద్దున పదింటికి. వస్తారా?"

సిరా మేడం వేళ్ల మీది నల్లమరకలు రుద్దుకుంది.

చెల్లెలు గోడ వైపుకు తిరిగి కూర్చుని ఉంది. తల తిప్పకుండానే లాయరమ్మతో అంది:

"ఆవిడ రాదక్కా. రాయమంటే రాస్తుంది. రమ్మంటే రాదు."